కప్పలో పిత్తాశయం చేసే పని ఏమిటి? లేకపోతే ఏమవుతుంది?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అడిగినవి మూడు. పిత్తాశయం పైత్యరసాన్ని తయారు చేస్తుందా, దాచుకుంటుందా అన్నది మొదటిది. పైత్యరసం కొవ్వును ఎమల్సీకరణం చేస్తుందనీ, అంటే సన్నటి బిందువులుగా విడగొడుతుందనీ, క్లోమం అనే గ్రంథి నుంచి వచ్చే క్లోమరసం పిండిపదార్థాలనూ ప్రోటీన్లనూ జీర్ణం చేస్తుందనీ మీ పదకొండో తరగతి పుస్తకంలో కప్ప దగ్గర ఉంది కదా, మరి కొవ్వును జీర్ణం చేసేది ఎవరు అన్నది రెండోది. మూడోది నాకు బాగా నచ్చింది. వేళచ్చేరిలో మీ నాయనమ్మగారికి రాళ్లు వచ్చి కిందటి నెల పిత్తాశయం తీసేశారు, ఆవిడ ఇడ్లీ సాంబారు మామూలుగానే తింటున్నారు, తీసేసినా బండి నడుస్తున్నప్పుడు కప్పకు మాత్రం అది ఎందుకు అని అడిగావు.

చెన్నైలోనే ఒక కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మొదటి రెండు ప్రశ్నలు ఏటా ఎవరో ఒకరు అడిగేవాళ్లు. మూడోది అడిగినవాళ్లు తక్కువ. అందుకే కొంచెం విడమరిచి రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. పిత్తాశయం ఒక్క చుక్క పైత్యరసాన్ని కూడా తయారు చేయదు. తయారీ అంతా కాలేయానిదే. పిత్తాశయం దాన్ని పట్టి ఉంచి, చిక్కబరిచి, అవసరమైనప్పుడు ఒక్కసారిగా వదులుతుంది. ఇక కొవ్వును నిజంగా జీర్ణం చేసేది క్లోమరసంలోని లైపేజ్ అనే ఎంజైము. మీ పుస్తకంలో ఆ వాక్యం మరీ కురచగా రాయడం వల్ల లైపేజ్ ఎగిరిపోయింది. పైత్యరసంలో జీర్ణ ఎంజైములు లేవు. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకుంటే నీట్‌లో ఈ అధ్యాయం మీద అడిగే మెలికల్లో సగం విడిపోతాయి.

ఇప్పుడు ఆ అవయవం ఎక్కడుందో చూద్దాం. మీరు బొమ్మల్లో, కంప్యూటర్లో చూస్తున్నారు. మేం 1980ల్లో చేత్తో కోశాం. మైనం పోసిన ట్రేలో కప్పను వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్లకూ పిన్నులు గుచ్చి, పొట్ట చర్మాన్నీ కండర పొరనూ కత్తిరిస్తే ముందు కనిపించేది ముదురు గోధుమ ఎరుపులో కాలేయం. దాని తమ్మెలను, అంటే విడివిడి భాగాలను, మెల్లగా పైకెత్తితే, కుడి ఎడమ తమ్మెల మధ్య గుండ్రటి పూసలాగా ఆకుపచ్చగా మెరుస్తూ ఉండేదే పిత్తాశయం. కత్తెర మొన తగిలి అది పగిలిందా, ట్రేలో నీళ్లన్నీ పచ్చగా మారేవి, తర్వాత ఏ అవయవం ఏదో తెలిసేది కాదు. మార్కులు పోయేవి, పైగా లెక్చరర్ చేత చీవాట్లు. తర్వాత నేనే లెక్చరర్నయ్యాక అవే చీవాట్లు పెట్టాను, అది వేరే సంగతి. 2011లో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఈ కోతలను తగ్గించమంది, 2014లో పూర్తిగా ఆపమంది. ఆపడమే మంచిదైంది. ఊరి చెరువుల్లో కప్పలు మిగలాలి కదా.

ఆ రోజుల్లో ఒక సంగతి గమనించాను. సరఫరాదారు తెచ్చిన కప్పలను మా ల్యాబ్ వెనక సిమెంటు తొట్టిలో ఉంచేవాళ్లం. వచ్చిన రోజే కోసిన కప్పల్లో కొన్నింటికి పిత్తాశయం చిన్నగా, వదులుగా ఉండేది. వారం రోజులు తిండి లేకుండా తొట్టిలో పడి ఉన్నవాటిలో మాత్రం ఉబ్బి, ముదురు పచ్చగా, ఎప్పుడు పగులుతుందా అన్నట్టు ఉండేది. ఎందుకలా అని ఆలోచిస్తే నీ మూడో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

కాలేయం పైత్యరసాన్ని జంతువు తిన్నా తినకపోయినా కారుస్తూనే ఉంటుంది. పేగుకు మాత్రం అది తిండి వచ్చినప్పుడే కావాలి. మన ఊళ్లో నీళ్ల కష్టం నీకు తెలిసిందే కాబట్టి అలాగే చెప్తాను. ఎండాకాలంలో మీ అపార్ట్‌మెంట్ బోరులో నీళ్లు సన్నగా రోజంతా వస్తాయి. వాడకం మాత్రం పొద్దున్న ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా. మధ్యలో మిద్దె మీద ట్యాంకు లేకపోతే పొద్దున్న అందరూ సన్నటి ధార కింద స్నానం చేయాలి. కాలేయం బోరు, పిత్తాశయం ట్యాంకు. తిండి తినని కప్పలో ట్యాంకు నిండుతూ పోతుంది, వాడేవాళ్లు లేరు. తొట్టిలోని కప్పల పిత్తాశయం ఉబ్బిపోయింది అందుకే.

అయితే ఈ ట్యాంకు మామూలు ట్యాంకు కాదు. లోపలి గోడ సోడియం, క్లోరైడ్ అయాన్లను బయటికి లాగుతుంది, వాటి వెనకే నీళ్లూ పోతాయి. మిగిలేది చిక్కటి పైత్యరసం. మనుషుల్లో కాలేయం రోజుకు 500 నుంచి 1000 మిల్లీలీటర్ల దాకా పైత్యరసం తయారు చేస్తే, పిత్తాశయంలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. అయినా సరిపోవడానికి కారణం అది అయిదు నుంచి పది రెట్లు చిక్కబడడమే. కణాల పొర గుండా ఉప్పు, నీళ్లు ఎలా కదులుతాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఎంచుకున్న వాటిలో నెక్ట్యురస్ అనే ఉభయచరం పిత్తాశయం ఒకటి. దాని కణాలు పెద్దవి, సూదిలాంటి ఎలక్ట్రోడ్ గుచ్చడం తేలిక. పనికిమాలిన సంచి అనుకునేదాని మీద అంత పని జరిగింది.

నాళాల దారి కూడా చెప్తాను, పరీక్షలో బొమ్మకు పనికొస్తుంది. కాలేయం నుంచి వచ్చే నాళాలు, పిత్తాశయం నుంచి వచ్చే నాళాలు కలిసి ఉమ్మడి పైత్యరస నాళం అవుతుంది. కప్పలో ఈ నాళం క్లోమం మధ్య నుంచి వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ క్లోమరసాన్ని కూడా తనలో కలుపుకుంటుంది. అందుకే చివరి భాగాన్ని కాలేయ క్లోమ నాళం అంటారు. అది ఆంత్రమూలంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో తెరుచుకుంటుంది. పైత్యరసం, క్లోమరసం ఒకే గుమ్మం గుండా పేగులోకి దిగుతాయన్నమాట. క్లోమానికి విడిగా ఇంకో నాళం గీసి పేగులో కలిపిన బొమ్మలు ఎన్ని దిద్దానో లెక్కలేదు.

ఇప్పుడు కప్ప ఎలా తింటుందో చూడు. నాలుక ముందువైపు అతుక్కుని, వెనకవైపు రెండుగా చీలి ఉంటుంది. అది విసిరి పురుగును అంటించుకుని లోపలికి లాక్కుంటుంది. పై దవడలో, అంగిట్లో పళ్లున్నాయి, కింద దవడలో లేవు. ఉన్నవి కూడా నమలడానికి కాదు, జారిపోకుండా పట్టుకోవడానికి. మింగేటప్పుడు కళ్లు మూసి గుడ్లను లోపలికి దించుతుంది, అవి పైనుంచి ఒత్తి తిండిని గొంతులోకి నెట్టడానికి సాయపడతాయి. పురుగు ముక్కలు కాకుండానే జీర్ణాశయంలో పడుతుంది. అక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ దాన్ని గంటల తరబడి నానబెట్టి ఛిన్నాభిన్నం చేస్తాయి. మనం పళ్లతో చేసే పని సగం అక్కడే జరుగుతుంది. ఆ తర్వాత పుల్లటి గంజిలాంటి కైమ్ ఆంత్రమూలంలోకి దిగుతుంది, పైత్యరసం పని అక్కడ మొదలు.

ఇక్కడ ఉసిళ్ల సంగతి చెప్పాలి. మొదటి వానలు పడ్డాక సాయంత్రం ట్యూబ్‌లైటు చుట్టూ రెక్కల పురుగులు ముసురుకుంటాయి చూశావా, అవే ఉసిళ్లు, ఇక్కడివాళ్లు ఈసల్ అంటారు. చెదల పుట్టలోంచి కొత్త కాపురం పెట్టడానికి బయల్దేరిన రెక్కల చెదలు అవి. కొత్త పుట్ట నిలదొక్కుకునే దాకా బతకడానికి ఒంట్లో కొవ్వు దండిగా నింపుకుని వస్తాయి. మా పెరంబూర్ ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఒకప్పుడు వాన నీళ్లు నిలిచేవి. ఉసిళ్లు లేచిన రాత్రి వీధి దీపం కింద కప్పలు వరసగా కూర్చుని, కదలకుండా, ఒకటి తర్వాత ఒకటి మింగుతూ ఉండేవి. పెళ్లి భోజనంలో కూర్చున్నవాళ్లలా ఉండేవి, నిజం. ఆ ఒక్క గంటలో కడుపులో పడే కొవ్వుకు రోజంతా సన్నగా కారే పైత్యరసం ఏ మూలకు సరిపోతుంది? వారం రోజులుగా ట్యాంకులో చిక్కబడి ఉన్నదంతా ఒక్కసారిగా కావాలి. కప్పకు పిత్తాశయం ఎందుకు అంటే నేను చూపించే సాక్ష్యం ఆ వీధి దీపమే.

పైత్యరసం కొవ్వును ఏం చేస్తుందో ఇంట్లోనే చూడొచ్చు. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒక్కోదానిలో చెంచాడు నువ్వుల నూనె వెయ్యి. ఒకదానిలో మాత్రం అంట్లు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, రెండూ బాగా కలుపు. సబ్బు లేనిదానిలో నూనె కాసేపటికి మళ్లీ పైకి తేలి ఒక్కటవుతుంది. సబ్బు ఉన్నదానిలో నీళ్లు తెల్లగా పాలలా మారి చాలాసేపు అలాగే ఉంటాయి. పైత్య లవణాలు చేసేది ఈ పనే. వాటి అణువులో ఒక వైపు నీటికి ఇష్టం, ఇంకో వైపు కొవ్వుకు ఇష్టం. కొవ్వు బిందువు చుట్టూ చేరి, మళ్లీ పక్కదానితో కలిసిపోకుండా కాపలా కాస్తాయి.

దీనివల్ల లాభం ఎంతో లెక్క వేద్దాం. ఒక సెంటీమీటరు వ్యాసమున్న కొవ్వు బిందువును ఒక మిల్లీమీటరు బిందువులుగా పగలగొడితే వెయ్యి బిందువులవుతాయి, వాటి మొత్తం ఉపరితలం పది రెట్లవుతుంది. అదే ఒక మైక్రోమీటరు దాకా పగలగొడితే ఉపరితలం పది వేల రెట్లు. లైపేజ్ నీళ్లలో ఉండే ఎంజైము, కొవ్వు లోపలికి దూరలేదు, పైపైనే కొరకగలదు. పైభాగం పది వేల రెట్లు పెరిగితే దానికి పని దొరికే చోటు కూడా అంతే పెరుగుతుంది. ఎమల్సీకరణం తర్వాత కూడా కొవ్వు కొవ్వుగానే ఉంటుంది, రసాయనికంగా ఏమీ మారలేదు. లైపేజ్ వచ్చి కోసినప్పుడే కొవ్వు ఆమ్లాలు, మోనోగ్లిజరైడ్లు వస్తాయి. వాటిని మళ్లీ చిన్న మూటలుగా కట్టి పేగు గోడ దాకా చేర్చేది కూడా పైత్య లవణాలే. కొవ్వులో కరిగే విటమిన్లు కూడా ఆ మూటల్లోనే ప్రయాణం చేస్తాయి. పని అయ్యాక లవణాల్లో ఎక్కువ భాగం పేగు చివర్లో మళ్లీ రక్తంలోకి పీల్చుకోబడి కాలేయానికి తిరిగి చేరుతుంది. ఖాళీ పాల సీసాలు వెనక్కి తీసుకెళ్లినట్టు. ఈ తిరుగుడు మనుషుల్లో బాగా పరిశీలించారు.

ఆ పచ్చ రంగు జీర్ణక్రియకు అవసరమైంది కాదు. పాత ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్ విరిగితే వచ్చే బిలివర్డిన్ అనే వ్యర్థ పదార్థం అది. మనలో అది ఎక్కువ భాగం బిలిరుబిన్‌గా మారి పసుపవుతుంది, కప్పలో పచ్చగానే మిగులుతుంది. రంగు చూసి అదే పని చేస్తోందనుకోవద్దు, అది చెత్త బండిలో సరుకు.

ఇక మీ నాయనమ్మగారి విషయం. ట్యాంకు తీసేశారు, బోరు మాత్రం ఉంది. పైత్యరసం కాలేయం నుంచి నేరుగా పేగులోకి సన్నగా కారుతూనే ఉంటుంది. ఆవిడ తినేది పూటకు నాలుగు ఇడ్లీలు, కొంచెం సాంబారు, మధ్యాహ్నం అన్నం, రాత్రి ఒక చపాతీ. ఆ కాస్త నూనెకు సన్నటి ధార సరిపోతుంది. పెళ్లికి వెళ్లి నెయ్యి కారే మైసూరుపాకులు నాలుగు, వడలు ఆరు ఒకేసారి లాగిస్తే మాత్రం కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు అవుతాయి. డాక్టరు చెప్పిన పథ్యం ప్రకారం నడుచుకోమను, నా మాట మీద కాదు.

అంటే పిత్తాశయం ఉండాలా వద్దా అన్నది కొంతవరకు తిండి అలవాటును బట్టి ఉంటుంది. గుర్రానికి పిత్తాశయం లేదు. రోజంతా గడ్డి మేస్తూనే ఉంటుంది, ట్యాంకు దేనికి? ఏనుగుకు లేదు, పావురానికి లేదు. ఈ లెక్క చక్కగా ఉంది కదా అని మురిసిపోకు. ఎలుకల జాతిలో పెద్ద ఎలుకకు లేదు, చిట్టెలుకకు ఉంది. రెండూ వంటింట్లో అదే బియ్యం డబ్బా చుట్టూ తిరుగుతాయి. కాబట్టి తిండి అలవాటు ఒక కారణం, అదొక్కటే కారణం కాదు. క్లాసులో ఈ ఎలుక సంగతి చెప్పగానే పిల్లల మొహాలు మారిపోయేవి, నాకు అదొక సరదా.

పైత్య లవణాలు అన్ని జంతువుల్లో ఒకేలా ఉండవు. మనలో ఉన్నవి 24 కార్బన్లున్న పైత్య ఆమ్లాలు, గ్లైసిన్ లేదా టారిన్ తగిలించుకుని ఉంటాయి. చాలా కప్పల్లో, కార్ప్ కుటుంబపు చేపల్లో వాటి స్థానంలో పైత్య ఆల్కహాళ్లు ఉంటాయి, సల్ఫేట్ తగిలించుకుని. కప్పల్లో దొరికిన ఒకదానికి రానా అన్న కప్ప శాస్త్రీయ నామం మీదుగానే రనాల్ అని పేరు. సబ్బు బ్రాండు వేరు, పని అదే. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. బొచ్చె, రోహు లాంటి చేపల పచ్చి పిత్తాశయం మింగితే షుగరు తగ్గుతుంది, కీళ్ల నొప్పులు పోతాయి అని కొందరు నమ్ముతారు. వాటిలోని సైప్రినాల్ సల్ఫేట్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అలా మింగి ఆసుపత్రి పాలైనవాళ్ల కేసులు మన దేశంలో వైద్యులు రాసి పెట్టారు. మీ ఇంట్లో ఎవరైనా అలా అంటే వెంటనే ఆపు.

పిత్తాశయానికి ఇప్పుడు వదులు అని చెప్పేది ఎవరో నువ్వు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. కొవ్వు, ప్రోటీను ఆంత్రమూలంలోకి దిగగానే పేగు గోడ కొలిసిస్టోకైనిన్ అనే హార్మోను రక్తంలోకి వదులుతుంది. అది పిత్తాశయం గోడలోని కండరాన్ని బిగిస్తుంది. ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని 1928లో కనిపెట్టారు. విచిత్రమేమిటంటే 1967లో ఇటలీ శాస్త్రవేత్త ఎర్‌స్పామర్ బృందం ఆస్ట్రేలియా చెట్టుకప్ప చర్మం నుంచి సెరులీన్ అనే చిన్న పెప్టైడ్ తీసింది. దాని చివరి అయిదు అమైనో ఆమ్లాలు ఈ హార్మోను చివరి అయిదింటితో సరిగ్గా సరిపోతాయి. దాన్ని ఇస్తే మనిషి పిత్తాశయం కూడా ముడుచుకుంటుంది. పిత్తాశయం పనితీరు పరీక్షించడానికి వైద్యులు దాన్ని వాడారు కూడా. కప్ప చర్మం మీది పదార్థం మన కడుపులో తాళం తీయడం నాకు ఇప్పటికీ వింతే.

పరీక్ష కోసం రెండు మాటలు. కప్ప పేగులో చూషకాలు (లోపలి గోడ మీద వేళ్లలా పొడుచుకొచ్చి, జీర్ణమైన తిండిని పీల్చుకునేవి) ఉన్నాయని మీ పుస్తకం అంటుంది, మా పాత పుస్తకాలు మాత్రం నిజమైన చూషకాలు కావు, మడతలే అనేవి. నువ్వు పరీక్షలో మీ పుస్తకంలో ఉన్నదే రాయి, వాదన కాలేజీలో చేరాక పెట్టుకోవచ్చు. పైత్యరసం కొవ్వును జీర్ణం చేస్తుంది అని ఉన్న ఆప్షన్ కనిపిస్తే టెన్షన్ పడకుండా పక్కన పెట్టు, అది నిన్ను పట్టడానికి పెట్టిన వల. పిత్తాశయం స్రవిస్తుంది అన్నది కూడా అంతే.

కప్పను కోయడం మీకు లేదు, కోయనక్కర్లేదు కూడా. ఆదివారం మీ నాన్నగారు చేపల మార్కెట్‌కు వెళ్తే వెంట వెళ్లు. చేప కడుపు శుభ్రం చేసేటప్పుడు పక్కన నిలబడి చూస్తే, కాలేయానికి అతుక్కుని ఆకుపచ్చ సంచి కనిపిస్తుంది. మా అమ్మమ్మ దాన్ని చేదుకట్టు అనేది. కోసే ఆవిడ దాన్ని ఎంత ఒడుపుగా, పగలకుండా గిల్లి తీసి పారేస్తుందో చూడు. మా ల్యాబ్‌లో ఆవిడ ఉండి ఉంటే ఒక్క ట్రే కూడా పచ్చబడేది కాదు.